ఉప్పు బయలు మీద వేగం

ఉప్పు బయలు అంటే ఎండిపోయిన సరస్సు అడుగు. చుట్టూ కొండలు, నడుమ పళ్లెంలాంటి పల్లం, అందులోకి దిగిన నీటికి బయటికి పోయే దారి లేకపోవడం: ఇవి ఉన్నచోటే అది ఏర్పడుతుంది. కొండల నుంచి వచ్చిన నీరు తనతో కరిగిన లవణాలను తెస్తుంది. ఎండకు నీరు ఆవిరైపోతుంది, లవణాలు అక్కడే మిగులుతాయి. వేల ఏళ్లు ఇలా జరిగితే కనుచూపు మేర తెల్లగా, చదునుగా, గట్టిగా ఒక నేల తయారవుతుంది. మనిషి చేసిన వాహనాలు భూమి మీద అందుకున్న అతి పెద్ద వేగాల్లో చాలా భాగం ఇలాంటి నేల మీదే నమోదయ్యాయి.

మన అరకు కొండల్లో ఇలాంటి నేల ఏర్పడే వీలు లేదు. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తనీ నది బొర్రా గుహల సున్నపురాతిని కరిగించుకుంటూ కిందికి దిగి, భీమిలి దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. తూర్పు కనుమల్లో కురిసిన వాన ఏదో ఒక ఏరు పట్టుకుని సముద్రానికి చేరుతుంది, దాంతోపాటే ఉప్పూ వెళ్లిపోతుంది. అమెరికాలోని ఉటా రాష్ట్రంలో ఉన్న బాన్‌విల్‌లో పరిస్థితి దీనికి పూర్తిగా విరుద్ధం. మంచుయుగం చివరి దశలో అక్కడ సుమారు 51 వేల చదరపు కిలోమీటర్ల సరస్సు ఉండేది. అంటే ఇప్పటి ఆంధ్రప్రదేశ్ విస్తీర్ణంలో దాదాపు మూడో వంతు. లోతు కొన్నిచోట్ల 300 మీటర్లు దాటేది. వాతావరణం మారి సరస్సు ఇంకిపోయాక పెద్ద మడుగుగా గ్రేట్ సాల్ట్ లేక్ మిగిలింది, దానికి పడమటి దిక్కున బాన్‌విల్ ఉప్పు బయలు మిగిలింది. బయలు నడుమ ఉప్పు పొర ఒకప్పుడు మీటరున్నర మందం దాకా ఉండేది, అంచులకు వచ్చేసరికి వేళ్ల మందానికి పలచబడేది. అందులో ఎక్కువ భాగం మనం కూరలో వేసుకునే సోడియం క్లోరైడే.

ఈ నేల ఎలా నునుపెక్కుతుందో తెలియాలంటే శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పు మడులు చూస్తే చాలు. అక్కడ రైతు మడి అడుగును చదును చేసి, తొక్కి గట్టిపరిచి, ఉప్పునీరు పెట్టి ఎండకు వదిలేస్తాడు. నీరు చిక్కబడ్డకొద్దీ ముందు జిప్సం వంటివి అడుగుకు చేరతాయి, ఆ తర్వాత ఉప్పు పలుకులు కడతాయి. బాన్‌విల్‌లో గట్లూ లేవు, రైతూ లేడు. శీతకాలం వానలకూ మంచుకూ బయలు మీద కొద్ది అంగుళాల నీరు నిలుస్తుంది. ఆ నీరు పైపొరను కొంత కరిగించుకుంటుంది. గాలి ఆ పలుచని నీటిని అటూ ఇటూ తోసి, ఎగుడుదిగుళ్లను సరిచేస్తుంది. వేసవిలో నీరు ఆవిరైతే కొత్త ఉప్పు పొర అద్దంలా పరుచుకుంటుంది. రోడ్డు రోలరు చేయలేని పని ఇది. ఏటా నీరు వచ్చిపోతేనే బాట బాగుంటుంది. తప్పు వేళ వస్తే ఆ బాటే ఉండదు. ఉప్పు బయలు పందేల చరిత్ర అంతా ఈ ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది.

1914లో టెడ్డీ టెట్జ్‌లాఫ్ అనే డ్రైవరు బ్లిట్జెన్ బెంజ్ కారులో ఇక్కడ గంటకు 228 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. అది అధికారిక రికార్డుగా నిలవలేదు గానీ బయలు సంగతి లోకానికి తెలిసింది. ఆ రోజుల్లో రికార్డుల కోసం ఎక్కువగా సముద్రపు ఒడ్డు ఇసుకను వాడేవారు. ఇసుకలో అలలు చేసే గతుకులు వేగం పెరిగేకొద్దీ ప్రమాదంగా మారాయి. ఆ ఇబ్బందితోనే బ్రిటన్‌కు చెందిన మాల్కమ్ క్యాంప్‌బెల్ ఫ్లోరిడాలోని డేటోనా తీరం వదిలి, 1935 సెప్టెంబరు 3న బాన్‌విల్‌లో గంటకు 484 కిలోమీటర్లు దాటాడు. మైళ్లలో చెబితే 300 దాటిన మొదటి కారు అదే. ఆపై జాన్ కాబ్ 1947లో 634కు, జెట్ ఇంజిన్లు వచ్చాక క్రెయిగ్ బ్రీడ్‌లవ్ 1965లో 966కు చేర్చారు. 1970 అక్టోబరు 23న గ్యారీ గాబెలిచ్ బ్లూ ఫ్లేమ్ అనే రాకెట్ వాహనంలో గంటకు 1,001 కిలోమీటర్లు దాటాడు.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ పందెం చూసినవారికి కారు పందెం అంటే మలుపులే గుర్తొస్తాయి. సుమారు 2.8 కిలోమీటర్ల ఆ బాటలో 18 మలుపులు ఉన్నాయి. ఉప్పు బయలు మీద ఒక్క మలుపూ ఉండదు, పక్కన పోటీ కారూ ఉండదు. ఒంటరిగా, తిన్నగా, కొద్ది మైళ్లు. ఇందులో కష్టమేముంది అనిపిస్తుంది. కష్టం మొదలయ్యేది చక్రం కింద.

వాహనం ముందుకు కదలాలంటే చక్రం నేలను వెనక్కి నెట్టాలి, నేల ఆ తోపును నిలబెట్టుకోవాలి. పొడి తారురోడ్డు ఇచ్చే పట్టుతో పోలిస్తే ఉప్పు ఇచ్చే పట్టు బాగా తక్కువ. తడి తగిలితే ఇంకా తగ్గుతుంది. ఇంజిన్‌కు ఎంత బలం ఉన్నా పట్టును మించిన బలం నేలకు దిగదు, చక్రం ఊరికే తిరుగుతుంది. పూర్తి వేగంతో పోతున్న కారులో కూడా చక్రాల తిరుగుడు అసలు వేగం కంటే పదో వంతు ఎక్కువగా ఉండటం ఇక్కడ మామూలే. కారు ముందుకు పోతున్నంతసేపూ జారుతూనే ఉంటుందన్నమాట. వానాకాలంలో మన్యం మట్టిబాటలో జీపు ఎక్కలేక చక్రాలు గిర్రున తిరిగితే, నలుగురు వెనక చక్రాల మీదికి బరువు పడేలా ఎక్కి నిలబడతారు. బాన్‌విల్ వాళ్లూ అదే చేస్తారు. మిగతా పందేల్లో గ్రాము గ్రాము బరువు తగ్గించే ఇంజినీర్లు ఇక్కడ సీసపు దిమ్మలు తెచ్చి కారులో బిగిస్తారు. కొత్తవలస–కిరండూల్ రైలు మార్గంలో చడావు ఎక్కే ఇంజిన్లకు ఇంకో ఉపాయం ఉంది: చక్రం జారితే పట్టాల మీద ఇసుక చల్లుతాయి. రికార్డు కారుకు ఆ వెసులుబాటు లేదు.

పట్టుకు ఎదురుగా నిలిచేది గాలి. వేగం రెండింతలైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది, దాన్ని గెలవడానికి కావలసిన ఇంజిన్ శక్తి ఎనిమిదింతలవుతుంది. గంటకు 300 కిలోమీటర్లకు 500 గుర్రాల బలం ఖర్చయ్యే కారుకు, రూపం మార్చకుండా 600 కావాలంటే సుమారు 4,000 గుర్రాల బలం కావాలి. రెండు టన్నుల కారుకు ఉప్పు ఒక టన్ను తోపునే నిలబెట్టుకోగలదనుకుందాం. గాలి అడ్డు కూడా ఒక టన్నుకు చేరిన వేగం దగ్గర ఆ కారు ఆగిపోతుంది. అక్కడి నుంచి ఇంజిన్ ఎంత పెంచినా ఫలితం ఉండదు. ఈ గోడను దాటడానికే 1960ల్లో కొందరు చక్రాలను నడపడం మానేసి జెట్‌నూ రాకెట్‌నూ ఎంచుకున్నారు. వాటి తోపు వెనక్కి చిమ్మే వాయువు నుంచి వస్తుంది, నేల పట్టుతో దానికి పని లేదు. చక్రాలు దొర్లడానికే మిగులుతాయి. అందుకే చక్రాలను నడిపే కార్ల రికార్డును నేటికీ విడిగా లెక్కిస్తారు. నేలతో తలపడే విద్య దానిలోనే ఉంది కాబట్టి, ఆ విభాగానికి దక్కాల్సిన గౌరవం జెట్‌ల మోతలో కొంత మరుగున పడిందని చెప్పక తప్పదు.

గాలి విషయంలో బాన్‌విల్ కొంత సాయం చేస్తుంది. అది సముద్రమట్టానికి 1,286 మీటర్ల ఎత్తున ఉంది. మన లెక్కలో అరకు లోయకూ గాలికొండ శిఖరానికీ మధ్య ఎత్తు. అక్కడ గాలి సాంద్రత సముద్రతీరం కంటే దాదాపు ఎనిమిదో వంతు తక్కువ, కారుకు అడ్డు అంతమేర తగ్గుతుంది. అయితే ఆ గాలే ఇంజిన్‌కు ఊపిరి. గాలి పలచనైతే ఇంధనం మండడానికి ఆక్సిజనూ తగ్గుతుంది. విశాఖ బీచ్‌రోడ్డు మీద హుషారుగా పోయే చిన్న బైకు ఇద్దరిని ఎక్కించుకుని అరకు ఘాట్ ఎక్కేటప్పుడు కొంచెం ఊపిరాడనట్టు మూలగడానికి చడావుతోపాటు ఇదీ ఒక కారణం. గాలిని కుదించి ఇంజిన్‌లోకి నెట్టే టర్బోచార్జర్లూ సూపర్‌చార్జర్లూ బాన్‌విల్ కార్లలో ఎక్కువగా కనిపించేది అందుకే. ముక్కు దగ్గర రేడియేటరుకు కన్నం పెడితే గాలి అడ్డు పెరుగుతుందని, చాలా కార్లు రేడియేటరే లేకుండా నీళ్ల ట్యాంకుతో సరిపెట్టుకుంటాయి. జాన్ కాబ్ కారులో ఇంజిన్లను చల్లబరచడానికి మంచుగడ్డలు నింపేవారు. పరుగు అయ్యేది కొద్ది నిమిషాల్లోనే కాబట్టి అది చాలేది.

టైరు సంగతి వేరు. గంటకు 600 కిలోమీటర్ల వేగంలో, 35 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న చక్రం అంచు మీది ప్రతి గ్రాము రబ్బరునూ దాని బరువుకు ఎనిమిది వేల రెట్లు మించిన బలం బయటికి లాగుతుంది. ఒక గ్రాము ఎనిమిది కిలోలవుతుంది. మామూలు టైరుకు ఉండే మందపాటి రబ్బరు ఆ లాగుడుకు చీలికలై ఎగిరిపోతుంది. అందుకే రికార్డు టైరు మీద రబ్బరు పలుచని పూతలా ఉంటుంది, కింద ఉన్న నేత పోగులే భారమంతా మోస్తాయి. పలుకులు తేలిన ఉప్పు ఆ పూతను గరుకు కాగితంలా గీస్తుంది. 2006 ఆగస్టులో జేసీబీ కంపెనీ డీజిల్‌మ్యాక్స్ కారు బాన్‌విల్‌లో గంటకు 563 కిలోమీటర్లతో డీజిల్ రికార్డు సాధించినప్పుడు దాన్ని అక్కడ ఆపింది ఇంజిన్లు కావు, టైర్లకు నిర్ణయించిన హద్దు.

నిబంధన ఇంకో బరువు వేస్తుంది. ప్రపంచ రికార్డుకు ఒక్క పరుగు చాలదు. గాలివాటు, నేల వాలు ఎవరికీ అనుకూలించకుండా, గంట వ్యవధిలో ఎదురు దిశలో రెండో పరుగు తీసి రెంటి సగటు లెక్కిస్తారు. ఆ గంటలోనే కారును తిప్పాలి, ఇంధనం పోయాలి, టైర్లు మార్చాలి, ఆపడానికి వాడిన పారాచూట్లను మళ్లీ మడిచి కట్టాలి. మొదటి పరుగులో చక్రాలు గీసిన గాళ్లు రెండో పరుగుకు అడ్డొస్తాయి. ఎంతోమంది కలలు ఈ గంటలోనే చెదిరాయి.

కంటికి కూడా ఆ నేల పరీక్షే. ఎటు చూసినా తెలుపు, దూరాన కొండలు ఎండమావిలో నేలను వదిలి తేలినట్టు కనిపిస్తాయి. దూరం ఎంతో, వేగం ఎంతో చెప్పడానికి పక్కన చెట్టు లేదు, స్తంభం లేదు. అందుకే పాతరోజుల్లో బాట పొడవునా నూనెతో నల్లగీత గీసేవారు, డ్రైవరు దాన్నే పట్టుకుని పోయేవాడు. కింది నుంచి ఎండ తిప్పికొట్టడంతో అక్కడ పనిచేసేవారికి గడ్డం కింద, ముక్కుపుటాల లోపల కూడా చర్మం కమిలిపోతుంది. 1938లో జార్జ్ ఐస్టన్ థండర్‌బోల్ట్ కారుకు వింత చిక్కు వచ్చింది. మెరిసే అల్యూమినియం ఒళ్లు తెల్లటి ఉప్పులో కలిసిపోయి, కాలం కొలిచే ఫొటోఎలక్ట్రిక్ యంత్రం కారు దాటిన సంగతే పసిగట్టలేకపోయింది. పక్కలకు నల్లరంగు పూశాకే లెక్క కుదిరింది.

పరుగు ఆపడం, తీయడమంత కష్టం. అంత వేగంలో బ్రేకులు వేస్తే కాలిపోతాయి, ముందు పారాచూట్లతో వేగం తగ్గించాలి. 1964 అక్టోబరు 15న బ్రీడ్‌లవ్ గంటకు 847 కిలోమీటర్ల సగటుతో రికార్డు సాధించిన రెండో పరుగు చివర పారాచూట్లు తెగిపోయాయి, బ్రేకులు పనిచేయలేదు. కారు బాట దాటి, స్తంభాన్ని విరిచి, ఉప్పునీటి మడుగులో ముక్కు కిందికి పెట్టి మునిగింది. అతను ఈదుకుంటూ ఒడ్డుకు వచ్చాడు. అందరికీ అలా కలిసిరాలేదు. ఈ బయలు ప్రాణాలూ తీసుకుంది. పక్కగాలి కొద్దిగా తోసినా, చక్రం తడి మచ్చ మీద పడినా కారు తిరగబడడానికి కాస్త సమయం చాలు. గాలి తక్కువగా ఉండే తెల్లవారుజామునే రికార్డు పరుగులు పెట్టుకునేది అందుకే.

పరుగు తర్వాత ఉప్పు ఇంకో పని మొదలుపెడుతుంది. చక్రాలు చిమ్మిన తడి ఉప్పు కారు పొట్ట కింద గట్టిపడి పేరుకుంటుంది. బోల్టు సందుల్లో, వైర్ల కొసల్లో, బేరింగుల్లో దూరుతుంది. భీమిలి ఒడ్డున ఇళ్ల కిటికీ ఊచలకు ఏం జరుగుతుందో తెలిసినవారికి ఇది వివరించనక్కర్లేదు. ఇంటికి చేరిన కారును విప్పి, ముక్క ముక్కా మంచినీటితో కడగకపోతే మరుసటి ఏడాదికి తుప్పే మిగులుతుంది.

ఇన్ని కష్టాల మధ్య ఒక పేరు ప్రత్యేకంగా చెప్పుకోవాలి. న్యూజిలాండ్‌కు చెందిన బర్ట్ మన్రో 1920 నాటి ఇండియన్ స్కౌట్ మోటారు సైకిల్‌ను దశాబ్దాల తరబడి సొంత చేతులతో మార్చాడు. ఇండియన్ అన్నది ఒక అమెరికన్ కంపెనీ పేరు, మన దేశంతో దానికి సంబంధం లేదు. పిస్టన్లు కూడా అతను ఇంట్లోనే పోతపోసుకునేవాడు. కొన్నప్పుడు గంటకు 90 కిలోమీటర్లు కూడా అందుకోని బండి అది. 1967 ఆగస్టు 26న, 68 ఏళ్ల వయసులో, దానిమీదే బాన్‌విల్‌లో గంటకు 295 కిలోమీటర్ల రికార్డు సాధించాడు. సగటు తీయడంలో దొర్లిన పొరపాటును అతని కొడుకు ఎత్తిచూపాక 2014లో దాన్ని 296కు సవరించారు. కోట్ల ఖర్చుతో వచ్చే బృందాలతోపాటు ఇలాంటి ఇంటి మెకానిక్‌లకూ చోటిచ్చిన నేల కావడమే బాన్‌విల్ గొప్ప. 1949 నుంచి అక్కడ జరుగుతున్న స్పీడ్ వీక్‌కు వచ్చేవారిలో ఎక్కువమంది సొంత షెడ్డులో కారు కట్టుకున్నవారే.

ఆ స్పీడ్ వీక్ 2014లో, 2015లో, మళ్లీ 2022లో జరగలేదు. కారణం నేల. ఓసారి నీరు నిలిచింది, ఓసారి పొర పలచబడి కింద బురద తేలింది. పొర పలచబడడానికి వానే కారణం కాదు. 1910ల నుంచి బయలు పక్కనే ఉన్న వెండోవర్ దగ్గర పొటాష్ ఎరువు కోసం భూగర్భంలోని ఉప్పునీటిని కాల్వల ద్వారా తోడుతున్నారు. ఆ నీటితోపాటు బయలును నిలబెట్టే ఉప్పూ తరలిపోతుందని పందెగాళ్లు ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. 1990ల చివరి నుంచి ఉప్పునీటిని తిరిగి బయలు మీదికి పారించే ప్రయత్నం జరిగింది. దాని ఫలితం ఎంత అన్నదానిపై శాస్త్రవేత్తల్లో ఏకాభిప్రాయం లేదు. ఒకడికి ఈ నేల ఖనిజంగా కనిపించింది, ఇంకొకడికి బాటగా కనిపించింది. బాటగా చూసినవాడి మాటకు ఆలస్యంగా విలువ దక్కిందన్నది మాత్రం నిజం. బాక్సైటు గురించి మన్యంలో నడిచిన వాదన విన్నవారికి ఈ తగువు కొత్తగా అనిపించదు.

వేరే బయళ్లకు వెళ్లినా నీరు వదల్లేదు. 1960 సెప్టెంబరులో మాల్కమ్ కొడుకు డోనల్డ్ క్యాంప్‌బెల్ బాన్‌విల్‌లో బ్లూబర్డ్ కారు పల్టీ కొట్టి పుర్రె చిట్లినా బతికి బయటపడ్డాడు. తర్వాత ఆస్ట్రేలియాలోని లేక్ ఐర్‌ను ఎంచుకున్నాడు. ఏళ్ల తరబడి అక్కడ చెప్పుకోదగ్గ వాన లేదు. అతను వెళ్లిన 1963లోనే కుండపోత కురిసి సరస్సు నిండింది. మరుసటి ఏడాది జులై 17న, చెమ్మ ఆరని ఉప్పులో చక్రాలు దిగబడుతుండగా, గంటకు 648 కిలోమీటర్లు సాధించాడు. బొలీవియాలోని ఉయూని బయలు పదివేల చదరపు కిలోమీటర్లు దాటి ఉంటుంది. గాలి బాగా పలచన. కానీ 3,650 మీటర్ల ఎత్తుకు యంత్రాలూ మనుషులూ చేరడమే పెద్ద ప్రయాణం, వానల నెలల్లో అదీ అద్దంలా నీటితో నిండుతుంది. ధ్వనివేగాన్ని దాటిన ఏకైక కారు థ్రస్ట్ ఎస్ఎస్‌సీ 1997 అక్టోబరు 15న గంటకు 1,227 కిలోమీటర్లు దాటింది ఉప్పు మీద కాదు, నెవాడాలోని బ్లాక్ రాక్ ఎడారి ఎండుమట్టి మీద. రబ్బరు టైర్లు పనికిరాని ఆ వేగానికి గట్టి అల్యూమినియం చక్రాలు వాడారు.

మికీ థాంప్సన్ అనే అమెరికన్ 1960లో బాన్‌విల్‌లో ఒక పరుగులో గంటకు 654 కిలోమీటర్లు అందుకున్నాడు. తిరుగు పరుగు మొదలవుతుండగా కారులో భాగం విరిగింది, రికార్డు రాలేదు. 1968లో ఛాలెంజర్ 2 అనే కొత్త కారుతో వచ్చాడు. వానకు బయలు మునిగింది, ఖర్చు భరించే కంపెనీ తప్పుకుంది, కారు షెడ్డులోకి వెళ్లింది. 1988లో ఆయన హత్యకు గురయ్యాడు. కొడుకు డానీ ఆ కారును బయటికి తీసి, ఏళ్లు శ్రమించి సిద్ధం చేశాడు. బయలు నీటితో నిండిన 2014, బురద తేలిన 2015 ఆగస్టు పందేలు మధ్యలో పోయాయి. ఉప్పు గట్టిగా ఆరిన 2018 ఆగస్టులో, తండ్రి తెచ్చి వెనక్కి తీసుకుపోయిన కారులో, డానీ థాంప్సన్ రెండు పరుగుల సగటు గంటకు 722 కిలోమీటర్లతో రికార్డు రాశాడు.